కోళ్లు పెంచుతావటగా!

చి.ల.సౌ. పద్మకు మావయ్య ఆశీర్వదించి రాయునది. ఉభయకుశలోపరి.

మొన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి ముప్పావు గంట మాట్లాడింది. అందులో అరగంట నీ కోళ్ల గోలే. "ఘట్‌కేసర్ అవతల ఇల్లు కట్టుకున్నారని సంబరపడితే, వెనకాల ఖాళీ జాగాలో కోళ్లు పెంచుతుందట అన్నయ్యా! పిల్లది టాబ్ వదలడం లేదని కోళ్లు తెస్తారా ఎవరైనా? నువ్వైనా కాస్త బుద్ధి చెప్పు" అంది. చెప్తానన్నాను. ఫోన్ పెట్టేసి మీ అత్తయ్య వంక చూసి నవ్వాను. 33 ఏళ్లు సైకిలు మీదా మోపెడ్ మీదా ఊరూరా తిరిగి పశువులకీ కోళ్లకీ మందులు వేసినవాణ్ణి. మా తర్వాత ఇంట్లో ఒక్కరికీ పేడ వాసన పడలేదు. నీకైనా పడిందంటే సంతోషం కాదూ!

ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. ఎందుకు పట్టలేదో చెప్పాలంటే ఫోన్ చాలదు. ఫోన్లో నువ్వు "సరే మావయ్యా, సరే మావయ్యా" అంటావు. ఆ సరేలు నాకు నీ ఐదో ఏటి నుంచీ తెలుసు. అందుకని కూర్చుని రాస్తున్నాను. ఓపిగ్గా చదువు.

గూడు సంగతి ముందు చెప్పేస్తాను, అది పెద్ద విద్య కాదు. నేలకి రెండడుగుల ఎత్తున కాళ్ల మీద కట్టించు. రాత్రి పడుకోవడానికి కోడికి రెండు చదరపు అడుగులుంటే చాలు. పొడుగు వైపు తూర్పు పడమరలుగా ఉంటే ఎండ లోపలికి కొట్టదు. కోళ్ల వల అని షాపువాడు ఆరుపలకల కన్నాలది చూపిస్తాడు. అది కోడిని బయటికి పోనివ్వదు గానీ పందికొక్కునీ పామునీ లోపలికి రాకుండా ఆపలేదు. అరంగుళం కన్నాల వెల్డ్ మెష్ వేయించు. తలుపుకి గడియ కాదు, తాళం. కుక్క ముక్కుతో గడియ ఎత్తడం నా కళ్లతో చూశాను.

అల్లుడుగారు ముందువైపు మెక్సికన్ గడ్డి పరిపించారట కదా. దానికీ కోళ్లకీ మధ్య కంచె కట్టమను. కోడికి గజ్జెలు కడితే కుప్ప కుళ్లగించదా అని ఊరికే అనలేదు.

పిల్లలు ఎక్కడ కొనాలంటావా? నువ్వుండేది హైదరాబాదులో. రాజేంద్రనగర్‌లో కోళ్ల పరిశోధనా సంస్థ ఉంది. వనరాజా, గ్రామప్రియ, శ్రీనిధి అనే పెరటికోళ్ల రకాలు అక్కడ తయారైనవే. ముందు ఫోన్ చేసి, పిల్లలెప్పుడు ఇస్తారో కనుక్కుని వెళ్లు. గుడ్లు కావాలంటే గ్రామప్రియ తీసుకో. ఐదున్నర నెలలకి గుడ్డుకొస్తుంది, ఏడాదిన్నర వయసొచ్చేలోపు 160, 180 దాకా పెడుతుంది. మన నాటుకోడి ఏడాదంతా కలిపి 50, 60 పెడితే గొప్ప. వనరాజా బరువెక్కువ, గద్ద వస్తే పరిగెత్తలేదు. మీ వైపు ఆకాశంలో గద్దలు ఎలా తిరుగుతాయో నేను చూశాను.

అయితే ఒక మాట. ఈ గ్రామప్రియలు పొదగవు. గుడ్డు పెట్టి దాని దారిన అది పోతుంది. తల్లి రెక్కల కిందనుంచి పిల్లలు తొంగిచూడటం నీ కూతురు చూడాలంటే ఒక్క నాటుపెట్టను కూడా తెచ్చుకో. అది పొదుగుకొచ్చినప్పుడు పుంజున్న ఇంటి నుంచి పదో పన్నెండో గుడ్లు తెచ్చి పెట్టు. ఏడో రోజు రాత్రి దీపాలార్పి గుడ్డు వెనక టార్చి వెలిగించి పిల్లదానికి చూపించు. లోపల సాలెగూడులా ఎర్రటి నరాలు కనిపిస్తాయి. 21వ రోజు సెలవు పెట్టు. ఆఫీసులో ఏం చెప్తావో నీ ఇష్టం.

పుంజు లేకపోతే గుడ్లు రావనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. ఇంజినీరింగు చదివినదానివి, ఆ మాట ఎవరిదగ్గరా అనకు. పుంజు లేకపోయినా పెట్ట గుడ్డు పెడుతుంది, పిల్ల కావాలంటేనే పుంజు. కాలనీలో తెల్లవారుజామున నాలుగింటికి కూత మొదలైతే పక్కింటివాళ్లు నాలుగో రోజుకే పంచాయితీ పెడతారు. నా కోడీ కుంపటీ లేకపోతే ఎలా తెల్లారుతుంది అనుకున్న ముసలమ్మవి కాకు. అల్లుడుగారు భీమవరం నుంచి డేగ రకం పందెం పుంజు తెస్తానన్నారట, అదీ వద్దు. జాతి పుంజు అందం అందమే, కాదనను. కానీ చిన్నపిల్ల తిరిగే ఇంట్లో ఆ కాళ్లూ ఆ ముక్కూ నాకు భయం. దాని పొడుపు సరిగ్గా పిల్ల కంటి ఎత్తుకి వస్తుంది.

ఒకరోజు పిల్లల్ని తెచ్చావంటే అందులో సగానికి సగం పుంజులే అవుతాయి. రెండు నెలలకి జుట్టు ఎర్రబడి తెలిసిపోతుంది. వాటిని ఏం చేస్తారో ఇప్పుడే మొగుడూ పెళ్లాలు కూర్చుని తేల్చుకోండి. నీ కూతురు మొదటిరోజే అన్నిటికీ పేర్లు పెడుతుంది. పేరు పెట్టినదాన్ని ఆ ఇంట్లో కూర వండకండి. ఎవరికైనా పెంచుకోడానికి ఇచ్చేయండి, లేదా ఎక్కడికి పోతుందో పిల్లకి అబద్ధం చెప్పకుండా పంపండి.

మొదటి మూడు నాలుగు వారాలూ వెచ్చదనం కావాలి. అట్టపెట్టెలో ఊక పోసి, మీద నాలుగు రోజులు పేపరు పరువు, లేకపోతే ఊకే తినేస్తాయి. పాతకాలం 60 వాట్ల ఫిలమెంటు బల్బు వెతికి వేలాడదీయి. ఎల్ఈడీ పెట్టేవు, అది వెలుగే గానీ వేడి ఇవ్వదు. థర్మామీటర్లు అక్కర్లేదు. పిల్లలన్నీ బల్బు కింద కుప్పపడితే చలేస్తున్నట్టు, అంచులకి పోయి నోళ్లు తెరిస్తే ఉడుకుతున్నట్టు, పరుచుకుని పడుకుంటే నువ్వూ పోయి పడుకోవచ్చు. ఊక తడవనీయకు. తడి ఊకలో మూడు నుంచి ఆరు వారాల పిల్లలకి నెత్తుటి విరేచనాలు పట్టుకుంటాయి. రెట్టలో ఎరుపు కనబడితే ఆ పూటే డాక్టరు దగ్గరికి వెళ్లు.

మేత సంచి మీద రాసి ఉంటుంది, చదివి కొను. లేయర్ మేత, అంటే గుడ్లు పెట్టే కోళ్ల మేతలో సున్నం ఎక్కువ, పిల్లలకి పెడితే కిడ్నీలు పాడవుతాయి. ఇంట్లో మిగిలిన అన్నం, ఆకుకూర తొడిమలు వేయి, పచ్చడి కలిపింది వేయకు. బూజు పట్టిన మొక్కజొన్న, వేరుశనగ చెక్క ఎంత చవగ్గా వచ్చినా వద్దు. ఓ మూల బూడిద గుంట పెట్టు, అవే పొర్లి పేలు దులుపుకుంటాయి.

ఇవన్నీ నీకు యూట్యూబ్‌లో దొరుకుతాయి. దొరకనిది ఒకటుంది. అది చెప్పడానికే కాగితం తీశాను.

మన వైపు కొక్కెర తెగులంటారు, పుస్తకాల్లో రాణిఖేత్ అని ఉంటుంది. రాణిఖేత్ ఎక్కడో కుమావూ కొండల్లో ఉన్న ఊరు. దానికి వేసే సూదిమందు ఆర్‌టూబీ, అది ముక్తేశ్వర్ రకం. ముక్తేశ్వరూ ఆ కొండల్లోదే. రోగానికీ మందుకీ ఇరుగుపొరుగు ఊళ్ల పేర్లేమిటా అని ట్రైనింగులో ముచ్చటపడ్డాను. ఆ సీసాలో ఉండేది బలం తగ్గించిన క్రిమి, బతికున్న క్రిమి. పొడి చేసి సీసాకెత్తుతారు. చల్లగా ఉన్నంతసేపే దానికి ప్రాణం. వేడి తగిలితే చస్తుంది. చచ్చాక కూడా సీసా అలాగే ఉంటుంది, పొడీ అలాగే ఉంటుంది, నీళ్లు కలిపితే అలాగే కరుగుతుంది. చూసి కనిపెట్టడం ఎవరి తరమూ కాదు.

1986 మార్చి నెలాఖరు. నేను కంపౌండరుగా చేరి రెండేళ్లయింది. మన ఊరు నా పరిధిలోకే వచ్చింది. ఆ సాయంత్రం మన ఊరి కోళ్లకి సూదులు. ఆసుపత్రిలో రెండు సీసాలు తీసుకున్నాను, సీసాకి వంద డోసులు. సోడా షాపులో ఐసు కొట్టించి ఫ్లాస్కులో వేసి, సీసాలు అందులో దించి, సైకిలు హ్యాండిల్‌కి తగిలించుకుని బయల్దేరాను. ఆ ఫ్లాస్కు బిరడా అప్పటికే వదులైంది. మార్పించాలి, మార్పించాలి అనుకుంటూనే ఉన్నాను.

దారిలో స్నేహితుడి చెల్లెలి పెళ్లి. భోజనం చేసి వెళ్లమన్నారు. నాకూ వెళ్లాలనే ఉంది. సైకిలు కొబ్బరిచెట్టు నీడన పెట్టి పందిట్లోకి వెళ్లాను. పనసపొట్టు కూర, పూర్ణాలు, గడ్డపెరుగు. తర్వాత పేకాట. నీడ ఎక్కడైనా ఒకచోట ఉంటుందా? నేను లేచి వచ్చేసరికి నాలుగు దాటింది, సైకిలు నడి ఎండలో ఉంది.

ఊళ్లోకి వెళ్లి రామాలయం అరుగు మీద ఫ్లాస్కు మూత తీశాను. ఐసు లేదు. వేలు పెట్టి చూశాను. నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి. సీసా మీద కాగితం ఊడి పైన తేలుతోంది.

అప్పటికే జనం వచ్చేశారు. పొద్దున్నే దండోరా వేయించారు మరి. గంపలూ, తట్టలూ, కాళ్లకి పీచుతాళ్లు కట్టిన కోళ్లూ. మా అమ్మ, అదే మీ అమ్మమ్మ, మా అబ్బాయి సర్కారు మనిషై వచ్చాడని ఎదురింటి అరుగు మీద నిలబడి చూస్తోంది. మీ అమ్మకి పదిహేడేళ్లు. తన చుక్కల పెట్టని ఒళ్లో పెట్టుకుని వరసలో అందరికంటే ముందు కూర్చుంది. బూడిదరంగు మీద తెల్లచుక్కల పెట్ట. మీ అమ్మ బడి నుంచి వస్తుంటే సందు మొగదాకా ఎదురు పోయేది. "మొదటి సూది నా కోడికే అన్నయ్యా" అంది.

"మందు పాడైంది, రేపు రండి" అంటే అయిపోయేది. నోరు పెగల్లేదు. ఎందుకు పాడైందంటే పెళ్లిభోజనం సంగతి చెప్పాలి, పేకాట సంగతి చెప్పాలి. కొంచెం ప్రాణమైనా మిగిలుంటుందిలే అనుకుని నీళ్లు కలిపాను. చీకటిపడేదాకా కూర్చుని 160 కోళ్లకి వేశాను. అందరూ దణ్ణాలు పెట్టి వెళ్లారు.

ఉగాది వెళ్లాక మొదలైంది. ముందు ముక్కుల్లో గుర్రుమని చప్పుడు, తర్వాత పచ్చగా నీళ్లలాంటి రెట్టలు, రెక్కలు వాలేయడం. కబురొస్తే వెళ్లాను. మన పెరట్లో చుక్కల పెట్ట మెడ మెలితిరిగిపోయి, ఆకాశంలోకి ఏదో చూస్తున్నట్టు, ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతోంది. నూకగింజ పొడవబోతే ముక్కు జానెడు పక్కన పడుతోంది. మీ అమ్మ నూకలు అరచేతిలో పోసి సరిగ్గా దాని ముక్కు కిందే పెట్టింది. అయినా అందలేదు. అది గాలిని పొడుస్తోంది, మీ అమ్మ చెయ్యి అటూ ఇటూ జరుపుతోంది. నేను తలుపు దగ్గర నిలబడి చూశాను.

వీధి చివర ఒక ముసలమ్మ ఉండేది. పదకొండు కోళ్లు. గుడ్లమ్మితేనే ఆవిడకి టీపొడీ చుట్టలూ. చచ్చిన కోణ్ణి చెంగులో వేసుకుని వచ్చి నా ముందు పెట్టింది. కోపం లేదు, ఏం లేదు. "సూదేశావు గదా బాబూ, ఇంకేదన్నా మందుందేమో చూడు" అంది. చచ్చినదానికి! నేనేమన్నానో తెలుసా పద్మా? "వడగాలి మామ్మా, ఈ ఏడు ఎండలు అలా ఉన్నాయి" అన్నాను. ఐసు కరగడం తప్పే. తెలిసీ సూది వేయడం అంతకంటే పెద్ద తప్పు. కానీ రాత్రిళ్లు నాకు గుర్తొచ్చేది ఈ వడగాలి మాటే.

సూదేస్తే కోళ్లు చస్తాయన్న మాట చుట్టుపక్కలంతా పాకింది. నాలుగేళ్లు ఏ ఊరు వెళ్లినా గంపలు బోర్లించి మీద గోనెలు కప్పేసి "మాకు కోళ్లు లేవు బాబూ" అనేవాళ్లు. గోనె కింద నుంచి కొక్కొక్కో మంటూనే ఉండేది. ఆ నాలుగేళ్లలో రోగం వచ్చి పోయిన కోళ్ల లెక్క ఎవరి ఖాతాలో రాయాలో నాకు తెలుసు. రోగం అప్పటికే ఊళ్లో ఉందేమో, మంచి మందు వేసినా చచ్చేవేమో అని 40 ఏళ్లుగా నాకు నేను సర్దిచెప్పుకుంటున్నాను. అయ్యుండొచ్చు కూడా.

సరే, ఇప్పుడు నువ్వు చేయాల్సింది. పిల్లలకి ఐదో రోజుకీ ఏడో రోజుకీ మధ్య లసోటా, అదీ కొక్కెర తెగులు మందే, కంట్లో ఒక చుక్క. 14వ రోజు గంబోరో తెగులు మందు. 28వ రోజు మళ్లీ లసోటా. రెండు నెలలు నిండాక ఆర్‌టూబీ సూది, అర మిల్లీలీటరు, చర్మం కింద. నిండకుండా వేయకు, పసివాటికి ఆ మందే రోగమై కూర్చుంటుంది. మశూచి సూది కూడా ఆ ఈడులోనే, ఎప్పుడో డాక్టరుగారిని అడుగు. నలతగా ఉన్న కోడికి ఏ మందూ వేయించకు.

షాపుకి ఫ్లాస్కు లేకుండా వెళ్లకు. షాపువాడు సీసాని ఫ్రిజ్‌లోంచి తీస్తున్నాడా, అద్దాల బీరువాలోంచి తీస్తున్నాడా చూడు. బీరువాలోదైతే వెనక్కి వచ్చేయి. కలిపే నీళ్లు కూడా చల్లగా ఉండాలి. కలిపాక రెండు గంటలు, అంతే. నువ్వు తెచ్చేవి ఎనిమిది కోళ్లు, సీసాలో వంద డోసులుంటాయి. 92 పారబోయాలంటే ప్రాణం ఉసూరుమంటుంది. పారబోయి. మరిగించి పారబోయి. రేపటికి దాచి, "నిన్న కలిపిందే కదా" అన్నావో, నేను నీతో మాట్లాడను. దారిలో ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఐసు కరిగితే ఇంటికొచ్చి సీసా చెత్తబుట్టలో వేసి పిల్లకి కూడా చెప్పు, అమ్మ మందు పాడుచేసింది, రేపు మళ్లీ తెస్తుంది అని.

కొత్త కోడి ఏది తెచ్చినా మూడు వారాలు విడిగా, వేరే నీళ్ల గిన్నెతో. సంతలోదైతే మరీను. 2025 ఫిబ్రవరిలో మన తణుకు పక్కన వేల్పూరులోనూ, పెరవలి దగ్గర కానూరు అగ్రహారంలోనూ బర్డ్ ఫ్లూ అని తేలింది. తేలినచోటికి కిలోమీటరు లోపల పెరటికోడినైనా వదలరు. మనవైపు నెలరోజులు చికెన్ కొట్ల ముందు ఈగలు తప్ప మనిషి లేడు. అందుకని చెప్తున్నా, కొంగలూ బాతులూ దిగే చెరువు నీళ్లు మీ కోళ్లకి పెట్టకు. ఒకేసారి మూడు నాలుగు పడిపోతే తాకకు, ఎవరికీ ఇవ్వకు, పశువైద్యం వాళ్ల 1962 నంబరుకి ఫోన్ చేయి. పిల్ల కోడిని ముద్దు పెట్టుకుంటుంది. పెట్టుకోనివ్వకు. చేతులు సబ్బుతో కడిగించు. ఈ రెండు మాటలూ గూటి మీద రాయించు, మీ ఆయనకీ పనికొస్తాయి.

మే నెలలో మీ ఊళ్లో ఎండ 40 దాటుతుంది. కోడికి చెమట పట్టదమ్మా, నోరు తెరిచి రొప్పుతుంది. మధ్యాహ్నం ఒకరు ఇంట్లో ఉండి నీళ్లు మార్చాలి. ఎవరుంటారో ఆలోచించావా? ఆలోచించి ఉండవు. పనమ్మాయికి చెప్పి పెట్టు.

ఇంత రాశానని భయపడి మానేయకు. మానేస్తే నాకు కోపం వస్తుంది. చిన్నప్పుడు మా ఇంటికొచ్చినప్పుడు గంప ఎత్తి పదిహేను పిల్లల్నీ ఒకేసారి వదిలేసి, తల్లికోడి వెంటపడితే బావి గట్టెక్కి ఏడ్చావు. దిగాక మళ్లీ గంప దగ్గరికే పోయావు. అప్పుడే అనుకున్నాను.

పిల్లల్ని తెచ్చిన రోజు చెప్పు. ఆరో రోజుకి నేను వస్తాను, ఆ చుక్కలు నేనే వేస్తాను. నా చెయ్యి వణుకుతోందని మీ అత్తయ్య అంటుంది, కంట్లో చుక్క వేయడానికి నువ్వు కోడి తల పట్టుకుంటే చాలు. నిన్న తణుకు వెళ్లి స్టీలు ఫ్లాస్కు కొన్నాను. రాత్రి ఎనిమిదింటికి ఐసు వేసి బిగించి, పొద్దున్న ఆరింటికి తీశాను. ముక్కలు కోసుకునేంత పదునుగా ఉన్నాయి. అదే తెస్తాను.

చుక్కల పెట్టకి దిష్టి తగిలిందనే మీ అమ్మ ఇప్పటికీ అంటుంది. ఈ ఉత్తరం ఆవిడకి చూపిస్తావో లేదో నీకే వదిలేస్తున్నాను. చూపించేమాటైతే మాత్రం నేను రాకముందే చూపించు.

ఇట్లు
మీ మావయ్య